గుంటూరు గీత.. ఖతార్ చలువ

1868లో సూర్యుడి అంచున ఓ పసుపు గీత మెరిసింది. దాన్ని గుంటూరులో, బందరులో దుర్భిణులు బిగించి కూర్చున్న పరిశోధకులు చూశారు. ఆ గీత హీలియం ఆనవాలని తర్వాత తేలింది. ఇవాళ చిప్పు చెక్కాలన్నా, క్వాంటం కంప్యూటరు పనిచేయాలన్నా ఆ వాయువే కావాలి. ప్రపంచానికి అందులో మూడో వంతుకు దగ్గరగా అందిస్తున్న దేశం ఖతార్. మన పిల్లలు పొట్ట చేతపట్టుకుని వెళ్లే ఆ ఎడారికీ, మన గుంటూరుకూ, రేపటి కంప్యూటరుకూ మధ్య ఉన్న బంధమే ఈ వారం ముఖచిత్ర కథనం.

దోహా నుంచి ఉత్తరంగా ఎనభై కిలోమీటర్లు. అల్ ఖోర్ పట్నం వెనకపడ్డాక ఇసుక, ఇసుక అంచున సముద్రం, ఆ ఒడ్డున రాస్ లఫ్ఫాన్. రాత్రి షిఫ్టుకు వెళ్లే కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు ముందుగా కనపడేవి ఆకాశంలోకి లేచే గ్యాసు మంటలు. ఆ తర్వాత దీపాలు, గోపురాల్లాంటి ట్యాంకులు, ఎటు చూసినా పైపులు.

ఆ పారిశ్రామిక నగరం గేటు దాటి వచ్చే లారీల్లో కొన్నింటి మీద నలభై అడుగుల పొడవైన ట్యాంకులు ఉంటాయి. చూడటానికి పాల ట్యాంకరుకూ దానికీ పెద్ద తేడా తెలియదు. లోపల ఉన్నది మాత్రం మైనస్ 269 డిగ్రీల చల్లదనంలో ద్రవంగా మారిన హీలియం, దాదాపు 41 వేల లీటర్లు. బయట వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మూడు వందల డిగ్రీలకు మించిన ఆ తేడాను ఆపుతున్నవి రెండు గోడల మధ్య కాసింత శూన్యం, చుట్టూ ద్రవ నైట్రోజన్ తొడుగు. ఎంత కట్టుదిట్టం చేసినా వేడి కొద్దికొద్దిగా లోపలికి చొరబడుతూనే ఉంటుంది. అందుకే ఆ ట్యాంకుకు ఆరేడు వారాలకు మించని గడువు. ఈలోగా అది ఓడెక్కి, కొరియాకో తైవాన్‌కో మన దేశానికో చేరి, అవసరమున్న చోట ఖాళీ కావాలి. ఆలస్యమైతే లోపలి ద్రవం ఆవిరై, ఒత్తిడి పెరిగి, వాల్వు తెరుచుకుని గాలిలో కలిసిపోతుంది. అలా పోయినది మళ్లీ చేతికి రాదు. భూమి ఆకర్షణకు చిక్కనంత తేలిక కాబట్టి నెమ్మదిగా అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది.

ఇంత ఆదరాబాదరాగా, ఇంత జాగ్రత్తగా మోసుకెళ్లే ఆ వాయువు కథ మొదలైంది మన నేల మీదే.

పట్టపగటి చీకటిలో

1868 ఆగస్టు 18. పడమటి తీరం నుంచి తూర్పు తీరానికి మన దేశం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ పరిగెత్తింది. పట్టు స్నానాలు, విడుపు స్నానాలు ఆచరించే మన ఊళ్లకు ఆ ఏడాది కొత్త అతిథులు వచ్చారు. ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు చేరి, ఓ ఫ్రెంచి వర్తకుడి మేడ మీద తన పరికరాలు బిగించుకున్నాడు. బ్రిటిష్ సైనికాధికారి మేజర్ టెనెంట్ బృందమూ గుంటూరులోనే మకాం వేసింది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్ బందరును ఎంచుకున్నాడు. ఆయన దగ్గర పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లాడు. నాలుగేళ్ల తర్వాత లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో ఫెలోగా ఎన్నికైన తొలి భారతీయుడు ఈ రఘునాథాచారే.

సూర్యబింబం పూర్తిగా మూసుకున్న అయిదారు నిమిషాల్లో ఆ అంచున ఎర్రటి జ్వాలలు కనిపించాయి. వాటి వెలుగును పట్టకంతో విడగొట్టి చూస్తే రంగుల పట్టీ బదులు విడివిడిగా మెరిసే గీతలు వచ్చాయి. ప్రతి మూలకానికీ తనవైన గీతలుంటాయి. ఉప్పు మంటలో వేస్తే పసుపు రంగు వస్తుందే, అది సోడియం సంతకం. సూర్యుడి జ్వాలల్లోనూ ఓ పసుపు గీత ఉంది. అయితే అది సోడియం గీతల చోట సరిగ్గా పడలేదు. బందరులో పోగ్సన్ ఆ తేడాను తన రాతల్లో నమోదు చేశాడు.

జాన్సెన్ ఆలోచన మరో దారి పట్టింది. ఇంత ప్రకాశంగా ఉన్న గీతలు గ్రహణం లేకపోయినా కనపడాలి కదా! మర్నాడు పొద్దున్నే గుంటూరు మేడ మీద మళ్లీ దుర్భిణి తిప్పాడు. కనపడ్డాయి. అప్పటిదాకా గ్రహణం కోసం ఏళ్ల తరబడి కాచుకుని, సముద్రాలు దాటి, అయిదు నిమిషాలు చూసి తిరిగిపోయే శాస్త్రవేత్తలకు అది కొత్త తలుపు. పదిహేడు రోజుల పాటు రోజూ ఆ జ్వాలలను చూసి, సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్‌కు ఉత్తరం రాశాడు.

ఆ ఉత్తరం ఓడలో ప్రయాణిస్తుండగానే ఇంగ్లండులో యుద్ధ శాఖ గుమస్తా నార్మన్ లాకియర్ అక్టోబరు 20న గ్రహణం లేకుండానే అవే గీతలను చూశాడు. ఇద్దరి కబురూ ఫ్రెంచి సైన్స్ అకాడమీ ముందు ఒకే రోజున చదివారు. 1872లో ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద ముద్రించి గౌరవించారు. ఆ పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని గట్టిగా వాదించినవాడు లాకియర్. గ్రీకులో సూర్యుడు హీలియోస్ కాబట్టి దానికి హీలియం పేరు స్థిరపడింది. భూమ్మీద దొరకక ముందే సూర్యుడిలో దొరికిన మూలకం ఇదొక్కటే.

మండని గాలి

ఆ తర్వాత 27 ఏళ్ల పాటు హీలియం ఉందో లేదో తెలియని పేరుగానే మిగిలింది. 1895లో లండన్‌లో విలియం రామ్సే యురేనియం కలిసిన ఓ ఖనిజాన్ని ఆమ్లంలో వేసి, పైకొచ్చిన వాయువును పరీక్షిస్తే అదే పసుపు గీత కనపడింది. నేల లోతుల్లో యురేనియం, థోరియం కోట్ల ఏళ్లుగా క్షీణిస్తూ ఒక్కో అణువుగా విడిచే ఊపిరి ఈ హీలియం.

1903లో అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు డెక్స్టర్ అనే చిన్న ఊళ్లో గ్యాసు బావి పడింది. ఊరంతా పండగ చేసుకుంది. మండుతున్న గడ్డిమోపును దగ్గరికి తెస్తే గ్యాసు అంటుకోలేదు సరికదా, మోపే ఆరిపోయింది. ఊరు నిరాశపడింది. రెండేళ్ల తర్వాత కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఆ గాలిని పరీక్షిస్తే అందులో హీలియం దాదాపు రెండు శాతం ఉందని తేలింది. సూర్యుడిలో చూసినదాన్ని పెద్ద ఎత్తున పట్టుకోవచ్చని లోకానికి తెలిసింది అప్పుడే.

1908 జులై 10న నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్‌లింగ్ ఆనెస్ హీలియంను ద్రవంగా మార్చాడు. ఏ పదార్థమూ దానికంటే తక్కువ ఉష్ణోగ్రతలో మరగదు. మూడేళ్ల తర్వాత ఆ చలిలో పాదరసాన్ని ఉంచితే కరెంటుకు అడ్డు చెప్పడమే మానేసింది. సూపర్ కండక్టివిటీ అక్కడే పుట్టింది. ఆసుపత్రిలో ఎంఆర్ఐ స్కాన్ గొట్టంలోకి పడుకోబెట్టి పంపిన ప్రతిసారీ మన చుట్టూ ఉండే అయస్కాంతం ఆ లైడెన్ ప్రయోగానికి వారసురాలే.

పదివేలలో నాలుగు పాళ్లు

ఖతార్ భూభాగం చిన్నది. దాని పక్కన సముద్రం అడుగున ఉన్న నార్త్ ఫీల్డ్ మాత్రం ప్రపంచంలోకెల్లా పెద్ద సహజవాయు క్షేత్రం. 1971లో షెల్ కంపెనీ దాన్ని కనుగొంది. అవతలి భాగాన్ని ఇరాన్ సౌత్ పార్స్ అంటుంది. ఆ గ్యాసులో హీలియం ఎంత? దాదాపు 0.04 శాతం. పదివేల పాళ్లలో నాలుగు పాళ్లు. కాన్సాస్ బావి పక్కన పెడితే ఇది లెక్కలోకి వచ్చేది కాదు. ఆ నాలుగు పాళ్ల కోసమే గ్యాసును తవ్వితే ఎవరూ బతకలేరు.

అయినా ఖతార్ ఈ రంగంలో ఇంత ఎత్తుకు ఎదగడానికి కారణం ఒక్కటే: అది గ్యాసును చల్లబరిచి అమ్మే దేశం. సహజవాయువును మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై, ఆరువందల వంతుల్లో ఒక వంతుగా కుంచించుకుపోతుంది. అప్పుడు ఓడలకెక్కించి ఎంత దూరమైనా పంపవచ్చు. 1990ల చివర్లో జపాన్‌కు మొదలైన ఆ ఎగుమతి ఏటా 7.7 కోట్ల టన్నులకు పెరిగింది. ఈ శీతలీకరణలో మీథేన్ ద్రవంగా మారిపోతుంది, హీలియం మారదు. అందరూ నీళ్లలో దిగినా ఒడ్డునే నిలబడ్డ పిల్లాడిలా, కొంత నైట్రోజన్‌తో కలిసి పైన వాయువుగా మిగిలిపోతుంది. వదిలేస్తే వృథా. పట్టుకుని, శుద్ధి చేసి, ఇంకో నూరు డిగ్రీలకు పైగా చల్లబరిస్తే ద్రవ హీలియం.

రాస్ లఫ్ఫాన్‌లో తొలి హీలియం ప్లాంటు 2005లో పని మొదలుపెట్టింది. 2013లో వచ్చిన రెండోది ఆనాటికి ప్రపంచంలోనే పెద్దది. రెండూ కలిస్తే ప్రపంచ అవసరాల్లో నాలుగో వంతు. తర్వాత మూడోదీ చేరింది. అమెరికా, ఖతార్ రెండూ కలిసి ప్రపంచ హీలియంలో నాలుగింట మూడు వంతులకు పైగా ఉత్పత్తి చేస్తున్నాయి. మిగతాది రష్యా, అల్జీరియా లాంటి కొద్ది దేశాలది.

దోసె పెనం, సిలికాన్ బిళ్ల

ఇంత ఖరీదైన చలి కంప్యూటరుకు ఎందుకు?

చిప్పు తయారీని ఒక్కసారి ఊహించండి. పళ్లెమంత గుండ్రటి సిలికాన్ బిళ్ల, 300 మిల్లీమీటర్ల వెడల్పు. దాన్ని గాలి లేని గదిలో పెట్టి, ప్లాస్మాతో దాని మీద గాళ్లు చెక్కుతారు. ఆ గాళ్ల ముందు మన తలవెంట్రుక మహావృక్షం. ప్లాస్మా తగులుతుంటే బిళ్ల వేడెక్కుతుంది. మామూలుగా అయితే చుట్టూ ఉన్న గాలి ఆ వేడిని కొంత లాగేస్తుంది, ఇక్కడ గాలే లేదు. పెనం మీద దోసె ఒక వైపు మాడి ఇంకో వైపు పచ్చిగా ఉంటే తినేవాడు సర్దుకుంటాడు. బిళ్లలో ఒక మూల నాలుగు డిగ్రీలు ఎక్కువైతే ఆ మూల చిప్పులన్నీ చెత్తబుట్టకే.

అందుకని బిళ్లకూ, దాన్ని పట్టి ఉంచే పీఠానికీ మధ్య సన్నని హీలియం పొర పంపుతారు. గాలి కంటే దాదాపు ఆరు రెట్లు వేగంగా అది వేడిని మోసుకెళుతుంది. దేనితోనూ కలవదు, దేన్నీ తుప్పు పట్టించదు, తన ఆనవాలు మిగల్చదు. ఈ గుణాలన్నీ ఒకచోట ఉన్న వాయువు మరొకటి దొరకదు. హైడ్రోజన్ వేడిని ఇంకా బాగా లాగుతుంది కానీ మండుతుంది. ఆర్గాన్ మండదు కానీ వేడిని మోయలేదు.

చిప్పు చిన్నదవుతున్న కొద్దీ ఈ అవసరం పెరుగుతోంది. కృత్రిమ మేధ కోసం ఇవాళ తయారవుతున్న చిప్పుల్లో పొరల మీద పొరలు, చెక్కిన చోటే మళ్లీ చెక్కుళ్లు. ప్రతి చెక్కుడుకూ చలువ కావాలి. మనం ఫోనులో ఒక ప్రశ్న అడిగితే రెప్పపాటులో జవాబు వస్తుంది. ఆ జవాబు ఎక్కడో మేఘాల్లోంచి ఊడిపడిందనిపిస్తుంది. దాని వెనక ఒక సిలికాన్ బిళ్ల ఉంది. ఆ బిళ్ల కింద రాస్ లఫ్ఫాన్ నుంచి వెళ్లిన చలిగాలి ఉండి ఉండవచ్చు.

హీలియం ఎక్కడెక్కడ?

*ఆప్టికల్ ఫైబర్:* రెండు వేల డిగ్రీల కొలిమిలో మెత్తబడిన గాజును వెంట్రుకంత తీగగా లాగుతారు. కిందికి జారుతున్న ఆ తీగను క్షణంలో చల్లార్చేది హీలియమే. ఇంటికొచ్చే బ్రాడ్‌బ్యాండు తీగ పుట్టుకలో దాని పాత్ర ఉంది.

*హార్డ్‌డిస్కు:* గాలితో పోలిస్తే హీలియం సాంద్రత ఏడో వంతు. గాలి బదులు దాన్ని నింపి మూసేస్తే లోపలి పళ్లేలు తక్కువ రాపిడితో, తక్కువ కరెంటుతో తిరుగుతాయి. పలచటి పళ్లేలు ఇంకొన్ని పడతాయి. 2013లో ఇలాంటి తొలి డిస్కు 6 టెరాబైట్లతో మార్కెట్లోకి వచ్చింది. ఇవాళ పెద్ద డేటా సెంటర్లలో వరసలు వరసలుగా ఉన్నవి ఇవే.

*లీకు పరీక్ష:* సైకిలు షాపులో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి పంక్చరు పట్టినట్టు, శూన్యపు గదుల్లో కంటికి కనపడని సందులను హీలియంతో పట్టుకుంటారు. అంత చిన్న అణువు దూరని సందు ఉండదు.

*ఎంఆర్ఐ:* మామూలు స్కానరులోని అయస్కాంతం 1,500 నుంచి 2,000 లీటర్ల ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది. ఏడు లీటర్లతోనే పనిచేసే కొత్త రకాలూ వచ్చాయి.

*రాకెట్లు:* ఇంధన ట్యాంకుల్లో ఒత్తిడి నిలపడానికి ఇస్రో సహా అంతరిక్ష సంస్థలు దీన్ని వాడతాయి.

ఆ జూన్ నెల

ఈ సరఫరా ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో 2017లో లోకానికి తెలిసొచ్చింది. ఆ ఏడాది జూన్ 5న సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఖతార్‌కు ఉన్న ఒకే ఒక్క భూసరిహద్దు సౌదీతో. అది మూతపడింది. దోహాలో ఉన్న మన వాళ్లు ఆ రోజు సూపర్ మార్కెట్ల ముందు వరసల్లో నిలబడ్డారు. పాలు, పెరుగు, కోళ్లు అన్నీ అటునుంచే వచ్చేవి మరి.

హీలియం ట్యాంకుల కష్టం అంతకంటే పెద్దది. అవి అప్పటిదాకా ఆ సరిహద్దు మీదుగానే దుబాయిలోని జెబెల్ అలీ ఓడరేవుకు వెళ్లేవి. ఆ దారి పోయింది. నిండిన ట్యాంకులు బయటికి వెళ్లవు, ఖాళీ ట్యాంకులు లోపలికి రావు. తయారైనదాన్ని నిల్వ ఉంచుకునే వీలు లేదు, గడువు తీరితే ఆవిరే. వారం రోజులకే రెండు ప్లాంట్లనూ ఆపేశారు. ప్రపంచ హీలియంలో నాలుగో వంతు ఒక్కసారిగా ఆగింది.

ఆ వార్తకు ఉలిక్కిపడినవాళ్లు దౌత్యవేత్తలకంటే ముందు భౌతికశాస్త్ర ప్రయోగశాలల వాళ్లు, ఆసుపత్రుల వాళ్లు, చిప్పుల కర్మాగారాల వాళ్లు. జులై మొదట్లో కొత్తగా కట్టిన హమద్ ఓడరేవు నుంచి నేరుగా ఓడలు కదలడంతో ప్లాంట్లు మళ్లీ తెరుచుకున్నాయి. దిగ్బంధం మాత్రం 2021 జనవరి దాకా సాగింది. ఆ దారి మారినా, ఓడ ఏదైనా హోర్ముజ్ జలసంధి దాటాల్సిందే. దక్షిణ కొరియా చిప్పుల పరిశ్రమ దిగుమతి చేసుకునే హీలియంలో పెద్ద వాటా ఈ దారినే వస్తుంది. దేశాల మధ్య తగవు ముదిరితే ముందుగా ఆగేది ఏమిటో మనం ఊహించలేం. ఓ ఎడారి చెక్‌పోస్టు దగ్గర గేటు దించితే సముద్రాల అవతల అత్యాధునిక కర్మాగారం ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది.

చలి వెనక చెమట

ఖతార్‌లో భారతీయులు ఎనిమిది లక్షలకు పైనే. వాళ్లలో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కరీంనగర్ వాళ్లున్నారు. కోనసీమ, కడప, రాయచోటి వాళ్లున్నారు. ఉగాదికి దోహాలో తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక పెట్టే కార్యక్రమాల్లో ఇంజినీర్ల కుటుంబాలు కనపడతాయి. క్యాంపుల్లో మాత్రం వెల్డర్లు, పైపు ఫిట్టర్లు, రిగ్గర్లు, స్కాఫోల్డర్లు. రాస్ లఫ్ఫాన్‌లో ప్లాంటును మరమ్మతు కోసం ఆపే రోజులను అక్కడి వాళ్లు ‘షట్‌డౌన్’ అంటారు. ఆ కొద్ది వారాల కోసం మన ఊళ్ల నుంచి మనుషులను ప్రత్యేకంగా తీసుకెళతారు. గడువులోగా వాల్వులు మార్చాలి, పైపులు అతకాలి, పరీక్షించాలి. రేయింబవళ్ల పని.

మైనస్ 269 డిగ్రీల ద్రవాన్ని మోసే పైపులో ఒక అతుకు సన్నగా చిట్లినా ఆ చలి అంతా వృథా. ఆ అతుకు పెట్టే చేయి వేసవిలో మండే ఇనుము పక్కన, దట్టమైన సముద్రపు ఉక్కలో పనిచేస్తుంది. 2021 నుంచి ఖతార్ జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పనిని నిషేధించింది. ఎండ, ఉక్క కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. అదే ఏడాది మార్చిలో వెయ్యి రియాళ్ల కనీస వేతనం అమల్లోకి వచ్చింది. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు అంతకు ముందే వచ్చింది. ఇవి చిన్న విజయాలు కావు. ఏజెంటుకు కట్టిన అప్పు తీర్చడానికే మొదటి ఏడాది జీతం పోయే ఇల్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నంత కాలం ఇవి సరిపోవు కూడా.

కొత్త సాంకేతికత గురించి మాట్లాడినప్పుడల్లా మనం పరిశోధకుల పేర్లు చెబుతాం, కంపెనీల విలువలు చెబుతాం. రాస్ లఫ్ఫాన్ పైపు అతికిన మనిషిని కూడా ఆ వరసలో నిలబెట్టాలి. గిగాహెర్ట్జ్ వేగమైనా, నానోమీటరు సన్నదనమైనా అతని చేతి మీదుగా నడవాల్సిందే.

గ్యాసు తర్వాత ఏమిటి?

భూమిలోంచి తీసి అమ్మడం దగ్గరే ఆగిపోకూడదని ఖతార్‌కు తెలుసు. దోహా పడమటి అంచున ఖతార్ ఫౌండేషన్ కట్టిన ఎడ్యుకేషన్ సిటీలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 2004 నుంచే కంప్యూటర్ సైన్సు చెబుతోంది. అక్కడే హమద్ బిన్ ఖలీఫా విశ్వవిద్యాలయం, దాని కింద 2010లో మొదలైన ఖతార్ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ. ఈ సంస్థ వాళ్లు భూకంపాలు, వరదలు వచ్చినప్పుడు జనం పెట్టే సందేశాలను యంత్రంతో వడకట్టి సహాయ బృందాలకు అందించే పద్ధతిని తయారు చేశారు. 2024 డిసెంబరులో అరబిక్ భాషను కేంద్రంగా పెట్టుకున్న కృత్రిమ మేధ ‘ఫనార్’ను లోకం ముందుంచారు. ఫనార్ అంటే దీపస్తంభం. ఊరికో యాస ఉన్న అరబిక్‌ను, ఇంగ్లిషు నీడ పడకుండా, దాని పలుకుబడితోనే యంత్రానికి నేర్పాలన్నది వాళ్ల పట్టుదల. తెలంగాణ యాస, కోస్తా యాస, సీమ యాస ఉన్న మనకు ఆ పట్టుదల విలువ వేరే చెప్పాలా?

కొత్త సాంకేతికత అక్కడి ఆట మైదానంలోనూ కనపడింది. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ తొలి మ్యాచ్ రాస్ లఫ్ఫాన్ దారిలోని అల్ ఖోర్‌లో, అల్ బైత్ స్టేడియంలో జరిగింది. మూడో నిమిషంలోనే ఈక్వడార్ కెప్టెన్ ఎన్నెర్ వలెన్సియా బంతిని గోలులోకి పంపాడు. కాసేపటికి ఆఫ్‌సైడ్ అని రద్దయింది. బంతి లోపలి సెన్సరు క్షణానికి 500 సార్లు కబురు పంపుతుంటే, స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 బిందువులను క్షణానికి 50 సార్లు గమనించాయి. కంటికి అందని అడుగు తేడాను లెక్క కట్టి చెప్పాయి. అంత చిన్న సెన్సరు చిప్పు కూడా సిలికాన్ బిళ్ల మీద చెక్కిన పనే.

మళ్లీ గుంటూరు సీమకు

2025 మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ కలిసి ఓ ప్రకటన చేశాయి. అమరావతిలో క్వాంటం వ్యాలీ టెక్ పార్కు వస్తుందని, అందులో 156 క్యూబిట్ల ప్రాసెసరుతో ఐబీఎం క్వాంటం సిస్టం టూ నెలకొంటుందని. జాన్సెన్ దుర్భిణి బిగించిన గుంటూరుకు అది గంట ప్రయాణం.

ఈ రకం క్వాంటం కంప్యూటరులో లెక్క చేసేది సూపర్ కండక్టరు వలయం, అదే క్యూబిట్. దానికి వేడి అంటే బాజాభజంత్రీల మధ్య జోలపాట పాడబోవడమే. కాసింత వేడి తగిలినా లెక్క చెదిరిపోతుంది. అందుకే దాన్ని ఒక డిగ్రీలో యాభయ్యో వంతుకు, పరమ శూన్యానికి అంత దగ్గరగా దించుతారు. నక్షత్రాల మధ్య ఖాళీ కూడా దాని ముందు వెచ్చనే. ఆ చలిని పుట్టించేవి హీలియంలోని రెండు రకాలు: హీలియం-4, హీలియం-3. మొదటిది ఖతార్‌లో దొరికేది. రెండోది అంతకంటే అరుదు, ట్రిటియం క్షీణించినప్పుడు మిగిలేది. రెండూ కలిసి విడిపోతూ వేడిని లాగేస్తాయి. మిగిలిన పరిశ్రమలు దీని నుంచి నేర్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ యంత్రంలో హీలియం బయటికి పోదు. మూసిన గొట్టాల్లో తిరిగి తిరిగి అదే పనిచేస్తుంది.

మన దేశం హీలియం దాదాపు అంతా దిగుమతే చేసుకుంటోంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, ముంబయి టీఐఎఫ్ఆర్ లాంటి చోట్ల ప్రయోగశాలల నుంచి వచ్చే హీలియంను సంచుల్లో పట్టి, మళ్లీ ద్రవంగా మార్చి వాడుకుంటున్నారు. అది ప్రతి చోటా జరగాలి. గుజరాత్‌లోని ధొలేరాలో చిప్పుల కర్మాగారం కడుతున్నారు. తెలుగు నేల మీదా పరిశోధనశాలలు, స్కానింగ్ కేంద్రాలు పెరుగుతున్నాయి. హీలియంను తిరిగి పట్టే గొట్టాలు పునాది రోజునే నక్షాలో ఉండాలి. కట్టాక చూద్దాం అంటే పోయేది పోతూనే ఉంటుంది. పుట్టినరోజు బుడగల్లోకి ఈ వాయువును ఊదడం మానేసే నిర్ణయం ఇవాళే, మన ఇంట్లోనే తీసుకోవచ్చు. కోట్ల ఏళ్లు నేల దాచిపెట్టినదాన్ని ఓ సాయంత్రం ముచ్చటకు వదిలేసే హక్కు మనకు లేదు.

ఇంకొక కోరిక. హీలియం నింపిన సన్నని గాజు గొట్టంలో కరెంటు పంపి వెలిగిస్తే, ఆ వెలుగును పట్టకంతో విడగొడితే, రంగుల గీతల మధ్య కొట్టొచ్చినట్టు ఓ పసుపు గీత కనపడుతుంది. బడి ప్రయోగశాలలో జరిపించగల పని. ఏటా ఆగస్టు 18న గుంటూరు, బందరు, వనపర్తి బడుల్లో పిల్లలకు ఆ గీత చూపిద్దాం. జాన్సెన్ పేరు, పోగ్సన్ పేరు, రఘునాథాచారి పేరు చెబుదాం. ఆ గొట్టంలోని గాలి ఎక్కడి నుంచి వచ్చిందని ఏ పిల్లో అడుగుతుంది. రాస్ లఫ్ఫాన్ గురించి, అక్కడ ఎండలో పైపు అతికే మనిషి గురించి అప్పుడు చెబుదాం. ఆ తరగతిలో ఎవరి నాన్నో అక్కడే ఉండి ఉంటాడు.